నాట్ రీచబుల్ కస్టమర్ వ్రాయునది

విశాలాక్షి నగర్,
విశాఖపట్నం.

కస్టమర్ సర్వీస్ విభాగం పెద్దలకు,

విషయం: మీరు పదకొండుసార్లు పరిష్కరించేసిన నా ఫిర్యాదు ఇంకా అలాగే ఉండటం గురించి.

అయ్యా / అమ్మా,

నిన్న పొద్దున్న పాల ప్యాకెట్ కోసం హనుమంతవాక జంక్షన్ వైపు నడుస్తుంటే జేబులో ఫోను నాలుగుసార్లు వణికింది. నాలుగూ మీ మెసేజ్‌లే, ముందురోజు రాత్రివి. మొదటిది, నా ఫిర్యాదు మీద పని జరుగుతోందని. రెండోది, నాకు ఫోన్ చేస్తే నంబరు అందుబాటులో లేదని. మూడోది, ఫిర్యాదు పరిష్కారమైందని. నాలుగోది, మీ సేవకి పదికి ఎన్ని మార్కులు వేస్తానని.

అయ్యా, నా ఫిర్యాదే ఇంట్లో ఫోను అందుబాటులో ఉండటం లేదని. నిజమా కాదా అని మీరు ఫోన్ చేసి చూశారు. అందుబాటులో లేదని మీకే తెలిసింది. కాబట్టి మూసేశారు. దాహంతో గొంతెండి మాట రానివాడు నీళ్ళు అడగలేదు కదా అని కుండ మీద మూత పెట్టేసినట్టుంది.

నేను ఇక్కడే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో వైర్‌లెస్ కమ్యూనికేషన్స్ చెబుతాను. నా పరిశోధన కూడా నెట్‌వర్క్‌ల పనితీరు మీదే. ఆర్‌కే బీచ్ నుంచి రుషికొండ దాకా ఎక్కడ సిగ్నల్ ఎంత ఉందో కొలుస్తూ నా విద్యార్థులు రెండు సెమిస్టర్లు చెప్పులు అరగదీశారు. మా ఇంటి కొలతల పట్టిక మీకు మూడుసార్లు పంపాను, ఎవరూ తెరిచిన జాడ లేదు, ఈసారి పంపడం లేదు. ఒక్క ముక్క మాత్రం చెబుతాను. శివరాత్రికి ముందు మా హాల్లో మైనస్ 85 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత; మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు) ఉండే సిగ్నల్ ఇప్పుడు మైనస్ 118. మూడు డెసిబెల్స్ తగ్గితే పవర్ సగమవుతుంది, పది తగ్గితే పదో వంతు. ఇక్కడ 33 తగ్గాయి. అంటే రెండు వేల వంతుల్లో ఒక వంతు మిగిలింది. వంద రూపాయలు రావాల్సిన చోట అయిదు పైసలు చేతిలో పెట్టినట్టు. బిల్లు మాత్రం వందకీ వేస్తున్నారు.

మొదటి ఫిర్యాదు శివరాత్రి వెళ్ళిన వారం చేశాను. మేడెక్కి, నైరుతి మూల నీళ్ళ ట్యాంకుకి ఆనుకుని నిలబడితే రెండు గీతలు వస్తాయి. ("ఈశాన్యంలో దేవుడు, నైరుతిలో సిగ్నలు" అంటుంది మా ఆవిడ.) అక్కడ నిలబడి, మనిషి ఎత్తేదాకా మీరు వినిపించే సితార్ పంతొమ్మిది నిమిషాలు విన్నాను. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం నూటికి 95 కాల్స్‌ని 90 సెకన్లలోపు మనిషి ఎత్తాలి. ప్రతిసారీ ఆ మిగతా అయిదులోనే పడటం నా జాతకం కాబోలు. చివరికి ఒక అమ్మాయి ఎత్తి, అంతా విని, "ఒకసారి మీ ఫోను ఆఫ్ చేసి ఆన్ చేయండి సర్, నేను లైన్లోనే ఉంటాను" అంది. చేశాను. లేదు. ఎలా ఉండగలననుకుందో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

రెండోసారి మా ఆవిడ ఫోను నుంచి చేశాను. ఆవిడది వేరే కంపెనీ, వంటింట్లో కూడా పలుకుతుంది. "రిజిస్టర్డ్ నంబర్ నుంచి చేయండి సర్" అన్నారు. ఆ నంబరుకి సిగ్నల్ లేదనే కదమ్మా నా గోల అన్నాను. "అర్థమైంది సర్. రిజిస్టర్డ్ నంబర్ నుంచి చేయండి సర్." పోనీ నాకు చేసేటప్పుడైనా ఈ నంబరుకి చేయండి, రాసుకోండి అని ఆరోజు నుంచి ప్రతిసారీ చెబుతున్నాను. రాసుకున్నాం సర్ అంటారు. ఆ నంబరుకి మీ దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఒక్క కాల్ రాలేదు.

మూడో ఆయన కాస్త తెలిసినవాడిలా "రీడింగ్ ఎంతుంది సర్?" అని అడిగాడు. ప్రాణం లేచొచ్చింది. మైనస్ 118 అన్నాను. అంతకుముందు ఎంత అన్నాడు. మైనస్ 85 అన్నాను. కాసేపు టైపు చేస్తున్న చప్పుడు. "అయితే పెరిగింది కదా సర్!" నా సెకండియర్ పిల్లలు పరీక్షలో ఈ మాట రాస్తే సున్నా వేస్తాను. మీ దగ్గర దీంతో ఒక ఫిర్యాదు పరిష్కారమైపోయింది.

తర్వాత కారణాలు మొదలయ్యాయి. కైలాసగిరి కొండ అడ్డం అన్నారు ఒకరు. నిజమే, మా ఇల్లు కొండకి ఇవతల వైపు. కానీ కొండ శివరాత్రి మర్నాడు మొలవలేదు కదా! సింహాచలం చందనోత్సవం రద్దీ వల్ల నెట్‌వర్క్ మీద లోడ్ పడింది అన్నారు ఇంకొకరు. అప్పన్న నిజరూప దర్శనం ఒక్కరోజే, ఈ కారణం మాత్రం నాకు మూడు వారాలు వినిపించింది. వచ్చే పౌర్ణమికి గిరి ప్రదక్షిణ ఉంది, ఆ 32 కిలోమీటర్ల దారి మా పేట మీదుగానే పోతుంది. ఇప్పుడే చెబుతున్నాను, అది కూడా రాసిపెట్టుకోండి, పనికొస్తుంది. ఇంకొకాయన వర్షం అన్నాడు. రోహిణి కార్తెలో! రోళ్ళు పగిలే ఎండలో! అయినా వర్షం ఇబ్బంది పెట్టేది పది గిగాహెర్ట్జ్ దాటిన మైక్రోవేవ్ లింకుల్ని. మన ఫోన్లు పనిచేసే తరంగాలకి వాన ఒక లెక్క కాదు.

అబద్ధమైనా అతికినట్టు చెప్పాలంటారు. ఎండాకాలం సాయంత్రాల్లో సముద్రం మీద తేమగాలి కింద, వేడిగాలి పొర పైన చేరినప్పుడు రేడియో తరంగాలు ఆ మధ్యలో గొట్టంలో పోయినట్టు పోయి ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల తేలతాయి, అక్కడి టవర్లకి అడ్డొస్తాయి. డక్టింగ్ అంటాం. విశాఖలాంటి ఊళ్ళో ఉండి ఆ సాకు చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదుగానీ, మెచ్చుకుని ఫోను పెట్టేసేవాణ్ణి.

ఏడోసారికి ఒక మనిషిని పంపారు. ఇరవై రెండేళ్ళుంటాయేమో, ఎండలో బండి మీద వచ్చాడు. గేటు దగ్గర నిలబడి ఆఫీసుకి ఫోన్ చేయబోయాడు. కలవలేదు. మీ కంపెనీ సిమ్మే. మజ్జిగ తాగి, నా ముఖం చూసి, "మాస్టారూ, ఇక్కడ అస్సలు రావట్లేదండి" అన్నాడు. ఈ నాలుగు నెలల్లో మీ తరఫున నేను విన్న ఏకైక నిజం అదే. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అయితే రిపోర్టు పంపడానికి సిగ్నల్ కావాలి కాబట్టి హనుమంతవాక జంక్షన్ దాకా వెళ్ళాడు. స్పీడ్ టెస్ట్ కూడా అక్కడే చేశాడు. అదిరిపోయే స్పీడు వచ్చింది. పరిష్కారమైంది.

సూపర్‌వైజర్ గారు మాత్రం వేరే రకం. నా బాధ తనకి పూర్తిగా అర్థమైందని నాలుగుసార్లు అన్నారు. వైఫై కాలింగ్ వాడుకోమన్నారు. అంటే మీ టవర్ చేయాల్సిన పని ఇంకో కంపెనీ బ్రాడ్‌బ్యాండ్ చేస్తుంది, డబ్బులు మీకు. సరే అంటే, నా ఫోను మోడల్‌కి ఆ సౌకర్యం మీరే ఇంకా ఇవ్వలేదట. చివర్లో, నెలకి మరో వంద ఎక్కువ కడితే ఇంకా పెద్ద ప్లాన్ ఉంది సర్ అన్నారు. నీళ్ళు రాని కుళాయికి పెద్ద బకెట్ అమ్మినట్టు!

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. మే నెలలో ఒక రాత్రి శ్రీకాకుళంలో మా అన్నయ్య బాత్రూంలో జారిపడ్డాడు. కంగారులో వదినకి గుర్తున్న నంబరు నాదొక్కటే. పదింటి నుంచి ఏడుసార్లు చేసింది. తెల్లవారి మొక్కలకి నీళ్ళు పోయడానికి మేడెక్కినప్పుడు ఏడు మిస్డ్ కాల్స్ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది, బాగానే ఉన్నాడు. కానీ "ఫోన్ ఎత్తలేదేం?" అని వదిన ఇప్పటికీ నన్నే అడుగుతోంది. ఏం చెప్పమంటారు, చందనోత్సవం అని చెప్పనా?

నేను 2004 నుంచి మీ కస్టమర్‌ని. 2011లో నంబరు మారకుండా కంపెనీ మార్చుకునే వీలు వచ్చినప్పుడు స్టాఫ్ రూమ్‌లో సగం మంది మారారు, నేను కదల్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊరంతా కూలగొట్టినప్పుడు రోజుల తరబడి సిగ్నల్ లేదు. అప్పుడు మిమ్మల్ని తిట్టినవాళ్ళకి, టవర్లే పడిపోతే వాళ్ళేం చేస్తారయ్యా అని సర్దిచెప్పింది నేను. ఆనాడు లేకపోవడానికి తుపాను ఉంది. ఇప్పుడేముంది? 1890ల్లోనే జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో గోడలు దాటించి, తీగ లేకుండా గంట మోగించారు. నూట పాతికేళ్ళు దాటాక మీరు మా హాల్లో ఒక్క గంట మోగించలేకపోతున్నారు.

నా అనుమానం చెబుతాను. శివరాత్రి రోజుల్లో మా వైపు టవర్ మీద యాంటెన్నా వంపు ఎవరో మార్చి ఉంటారు. కొన్ని డిగ్రీలు అటూఇటూ అయినా కొండపక్క వీధులు తప్పిపోతాయి. చాలాచోట్ల దాన్ని కంట్రోల్ రూమ్‌లో కూర్చునే సరిచేయొచ్చు, టవర్ ఎక్కక్కర్లేదు. అది కాకపోతే వేరే ఏదైనా చెప్పండి, వింటాను. నాకు ఉచిత డేటా వద్దు. డిస్కౌంటు వద్దు. మీటరు పట్టుకున్న మనిషి మా హాల్లోకి వచ్చి సోఫాలో కూర్చుని కొలవాలి. నా ఫిర్యాదు పక్కన రాసిన ఆ "పరిష్కారమైంది" అన్న మాట కొట్టేయాలి. సిగ్నల్ కంటే ముందు నాకు అదే కావాలి.

లేదంటే మీ అప్పీలు విభాగానికి వెళ్తాను. అక్కడ కూడా నాట్ రీచబుల్ అని మూసేస్తే, టెలికాం కస్టమర్లు వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, అక్కడికే వెళ్తాను. పట్టికతో సహా. వచ్చే సంవత్సరం నుంచి కవరేజ్ లోపాల పాఠానికి ఉదాహరణగా మా హాలే పెడతాను, అరవై మంది పిల్లలు కంపెనీ పేరు అడగక మానరు. నంబరు మారకుండా కంపెనీ మారడానికి 1900కి పంపే పోర్ట్ మెసేజ్ కూడా టైపు చేసి ఉంచాను. పంపడానికి మేడెక్కాలి, అంతే.

ఈ ఉత్తరం అందాక మాట్లాడాలనిపిస్తే దయచేసి మా ఆవిడ నంబరుకి చేయండి. అది మీ దగ్గర పదకొండుచోట్ల రాసి ఉంది.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
నీళ్ళ ట్యాంకు పక్క నుంచి.