మా ఫారెస్ట్ వాచర్ యూనిఫాంకి సాయపడ్డ వాళ్లందరికీ

మా గేమ్‌లో ఫారెస్ట్ వాచర్ పాత్రకి యూనిఫాం పూర్తయింది. టీమ్ మొత్తం చూసి ఓకే అన్నారు. క్రెడిట్స్‌లో ఆ బట్ట దగ్గర నా పేరొక్కటే పడుతుంది కాబట్టి, దాని వెనకున్న మిగతా వాళ్ల గురించి ఇక్కడ రాస్తున్నాను. వాళ్లలో ఒక్కరు తప్ప త్రీడీ సాఫ్ట్‌వేర్ ముఖం చూసిన వాళ్లు లేరు.

కథ నల్లమలలో జరుగుతుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. అక్కడ తిరిగే వాచర్‌కి అడవిలో కలిసిపోయే మచ్చల చొక్కా, ప్యాంటు, టోపీ కావాలి. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ టెక్స్చర్‌ని (గజిబిజి నలుపు తెలుపు బొమ్మని) కలర్ ర్యాంప్‌కి (ఆ నలుపు తెలుపుల స్థాయిని బట్టి రంగులిచ్చే పట్టీకి) కలిపి, ర్యాంప్‌ని కాన్‌స్టంట్‌లో (రంగులు ఒకదాన్లో ఒకటి కలవకుండా తెగేలా) పెడితే ఐదు నిమిషాల్లో మచ్చలు వచ్చేస్తాయి. వీడియోలన్నీ చెప్పేది ఇదే. కానీ ఆ మచ్చల్లో ఒక చిక్కుంది. నలుపు చుట్టూ ఎప్పుడూ గోధుమరంగే, దాని చుట్టూ ఎప్పుడూ ఆకుపచ్చే. కొండల ఎత్తుపల్లాలు చూపించే మ్యాప్‌లాగా ఒక రంగులో ఒకటి ఒదిగి కూర్చుంటాయి. ఎందుకో తెలియదు గానీ చూడగానే కంప్యూటర్ బట్ట అని తెలిసిపోతుంది.

ఎందుకో చెప్పింది పెడనలో కలంకారీ అచ్చులు కొట్టే పెద్దాయన. మా పెద్దమ్మ వాళ్ల ఊరు ఆ పక్కనే కాబట్టి పరిచయం. ఫోన్‌లో బొమ్మ చూసి, "ఇదంతా ఒక్క అచ్చుతో కొట్టినట్టుంది బాబూ. రంగుకో అచ్చు ఉండొద్దూ?" అన్నారు. అంతే. ప్రింటు బట్టలో ఏ రంగు అచ్చు దానిది. ఒకదాని మీద ఒకటి పడి, అడ్డంగా కోసుకున్న చోట ఎవరూ గీయని ఆకారాలు పుడతాయి. ఇంటికొచ్చి సైనిక మచ్చల బట్టల పాత నమూనాలు మళ్లీ తిరగేశాను. అమెరికా సైన్యం ఇంజినీర్ల ల్యాబ్‌లో 1948లో గీసిన ఈఆర్‌డీఎల్ గానీ, దాన్నే పెద్దది చేసి 1981లో తెచ్చిన వుడ్‌ల్యాండ్ గానీ, నాలుగు రంగులు, నాలుగూ విడివిడి. నల్ల కొమ్మలు మిగతా మూడింటినీ లెక్కచేయకుండా మీద నుంచి పోతాయి. మా బట్టకి కూడా ప్రతి రంగుకీ వేరే మాస్క్ (ఆ రంగు ఎక్కడ పడాలో చెప్పే నలుపు తెలుపు బొమ్మ), వేరే స్కేలు, వేరే సీడ్ (మచ్చల అమరికని మార్చే అంకె) పెట్టాను. కొమ్మల మాస్క్ మాత్రం చేత్తో గీశాను.

రిపీట్ గురించి, అంటే ఒకే బొమ్మ బట్టంతా మళ్లీ మళ్లీ రావడం గురించి కూడా ఆయనే చెప్పారు. టెక్స్చర్‌ని సగానికి జరిపి అతుకు చెరిపేస్తే పని అయిపోయిందనుకుంటాం. అంచులు కలవడం నేర్చుకునే కుర్రాళ్ల పని అట. కన్ను పట్టేది అతుకుని కాదు, తక్కిన వాటికంటే కాస్త ప్రత్యేకంగా ఉన్న ఒక్క మచ్చని. అది వరసగా కనపడిందంటే బట్ట మొత్తం గళ్లు గళ్లుగా విడిపోతుంది. కొత్త బొమ్మని పెద్ద కాగితం మీద ప్రింటు తీసి తీసుకెళ్తే, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, కళ్లు సగం మూసి చూసి, "ఆ బాతుని తీసెయ్" అన్నారు. నిజంగానే ఒక మచ్చ బాతులాగే ఉంది. అప్పటి నుంచీ మా టీమ్‌లో అలాంటి మచ్చలన్నిటి పేరూ బాతే.

విజయవాడ వస్త్రలత కాంప్లెక్స్‌లో హోల్‌సేల్ షాపాయనకి కూడా థ్యాంక్స్. కార్గో ప్యాంట్లకి కుట్టే మచ్చల గుడ్డ తాను విప్పి, బల్ల మీద పరిచి, ఏ మచ్చ ఎక్కడ తిరిగొస్తుందో మీటరు బద్దతో కొలవనిచ్చారు. కొనేది అర మీటరని తెలిసీ విసుక్కోలేదు. 64 సెంటీమీటర్లు. రోటరీ ప్రింటింగ్‌లో స్క్రీన్ (గుడ్డ మీద రంగు దించే గుండ్రటి గొట్టం) చుట్టుకొలత సాధారణంగా అంతే ఉంటుంది కాబట్టి డిజైన్ ఆ దూరంలో తిరిగొస్తుంది. ఈ ఒక్క అంకె దొరికాక స్కేలు గురించి టెన్షన్ పోయింది. 2048 పిక్సెళ్ల టెక్స్చర్‌ని 64 సెంటీమీటర్లకి పెడితే సెంటీమీటరుకి 32 పిక్సెళ్లు. మచ్చలకి అది చాలు, పోగులకి చాలదు. అందుకే ట్విల్ నేతలోని ఏటవాలు గీతల కోసం చిన్న నార్మల్ మ్యాప్ (గుడ్డ మీద ఎత్తుపల్లాలు ఉన్నట్టు కనిపించేలా చేసే బొమ్మ) వేరేగా చేసి, దాన్ని ఎక్కువ సార్లు రిపీట్ చేశాను.

ఇక వన్ టౌన్‌లో యూనిఫాంలు కుట్టే టైలర్ అన్న. అన్న లేకపోతే ఈ పాత్ర ఇప్పటికీ రంగు పూసిన బొమ్మలాగే ఉండేది. సెక్యూరిటీ వాళ్లకీ, ఎన్‌సీసీ పిల్లలకీ కుట్టే మనిషి. నా స్క్రీన్ మీద చొక్కా చూసి మొదట అడిగింది, "జేబు మీద మచ్చలు చొక్కా మచ్చలతో కలిశాయేంటి?" అని. గళ్ల చొక్కాకైతే జేబు గళ్లు కలిపి కుడతారు, అది పనితనం. మచ్చల గుడ్డకి ఎవరూ అంత గుడ్డ వృథా చేయరు. మిగిలిన ముక్కలోంచి జేబు తీస్తారు, కలిస్తే కలుస్తుంది, లేకపోతే లేదు. కుట్టు దగ్గర మచ్చ టక్కున తెగిపోవాలి. అలా తెగితేనే అది కుట్టిన బట్ట.

తర్వాత ఒక పాత ప్యాంటు కుట్లు విప్పి, ముక్కలన్నీ నేల మీద పరిచి చూపించాడు. త్రీడీ వాళ్లకి చెప్పక్కర్లేదు, అది అచ్చంగా యూవీ లేఅవుట్, అంటే త్రీడీ బొమ్మ పైభాగాన్ని విప్పి చదునుగా పరచడం. తేడా ఒక్కటే. మేం ఖాళీ మిగలకూడదని ముక్కల్ని ఎటు పడితే అటు తిప్పి సర్దుతాం. అన్న ముక్కల్లో కాలు, చెయ్యి, వీపు అన్నీ పడుగు నిలువుగా ఉండేలాగే పడి ఉన్నాయి. కాలరు అడుగు ముక్క మాత్రం క్రాస్‌లో (ఏటవాలుగా) తీశాడు. ఆ రోజే యూవీలన్నీ మళ్లీ పరిచాను. ఇప్పుడు అడ్డంగా సాగే మచ్చలు చొక్కా మొత్తం మీద ఒకే దిక్కున సాగుతున్నాయి, క్రాస్ ముక్క దగ్గర మాత్రం పక్కకి ఒరుగుతున్నాయి. ఆడేవాళ్లలో ఎవరూ దీన్ని గమనించరు. గమనించకపోయినా పాత్ర నిజం మనిషిలా నిలబడింది. డబ్బులు తీసుకోమంటే తీసుకోలేదు. వాళ్లబ్బాయికి మా గేమ్ ముందు ఇవ్వాలన్నాడు.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే బాబాయ్ గారు మాధవరం మనిషి. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం అంటారే, ఆ ఊరు. సైన్యంలో చేసి రిటైరయ్యారు. మా బట్ట చూసి, "ఏప్రిల్లో నల్లమలలో ఇంత పచ్చదనం ఎక్కడ చూశావురా?" అని నవ్వారు. ఎండాకాలం ఆకులు రాల్చే అడవి అది. ఆకుపచ్చ సగానికి సగం తగ్గింది. ఎండుగడ్డి రంగు, బూడిద, మట్టి ఎరుపు పైకొచ్చాయి. మచ్చలు మరీ చిన్నవైతే దూరానికి అన్నీ కలిసిపోయి ఒకే రంగు మనిషి కనిపిస్తాడనీ, ఒంటి ఆకారాన్ని విరగ్గొట్టేది పెద్ద మచ్చలేననీ ఆయన చెప్పాకే డిజైన్ పెంచాను. తన పాత యూనిఫాం బయటికి తీసి, మోకాళ్లు, మోచేతులు, కుట్ల అంచులు ఎలా వెలిశాయో, బెల్టు కింద రంగు ఎలా కొత్తగా మిగిలిందో ఫోటోలు తీసుకోనిచ్చారు. ఒక షరతు కూడా పెట్టారు. 2022 జనవరి 15న ఆర్మీ డే పరేడ్‌లో బయటికొచ్చిన కొత్త డిజిటల్ యూనిఫాం డిజైన్ జోలికి పోవద్దని. ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్‌తో కలిసి తయారుచేయించి, హక్కులు సైన్యమే పెట్టుకున్న డిజైన్ అది. ఆయన చెప్పకపోయినా వాడేవాణ్ణి కాదు గానీ, అలా చెప్పే మనిషి ఒకరు ఉండటం మంచిదే.

మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో స్టూడియోలో చేస్తుంది. రాత్రిళ్లు ఫోన్‌లో ఓపిగ్గా కూర్చుంది. రఫ్‌నెస్ (బట్ట మెరుపు ఎంతో చెప్పే), నార్మల్ మ్యాప్‌లు నాన్‌కలర్‌లో (రంగులుగా కాక అంకెలుగా చదివే సెట్టింగ్‌లో) ఉన్నాయో లేదో, గేమ్ నడిపే ఇంజిన్ సాఫ్ట్‌వేర్‌లోకి పంపేటప్పుడు నార్మల్ మ్యాప్ గ్రీన్ ఛానల్ తిరగబడుతుందో లేదో, బేస్ కలర్‌లో (బట్ట అసలు రంగులో) నీడలేమైనా ఇరుక్కున్నాయో, అన్నీ తనే చూసి పెట్టింది. థ్యాంక్స్ చెబితే తిడుతుంది కాబట్టి ఇక్కడ చెబుతున్నా చెల్లీ.

నాలుగు మాస్క్‌లు, 64 సెంటీమీటర్ల టెక్స్చర్, ట్విల్ నార్మల్ మ్యాప్ ఒక ఫోల్డర్‌లో పెట్టాను. నేర్చుకునే వాళ్లు ఎవరైనా అడగండి, ఊరికే ఇస్తాను. అమ్ముకోవద్దు, అంతే. టోపీ అంచు మాత్రం బాబాయ్ గారికి ఇంకా నచ్చలేదు. గుడ్డ టోపీ అంచు తడిసి ఆరాక అలలు తిరుగుతుందట, మాది అట్టముక్కలా ఉందట. క్లాత్ సిమ్యులేషన్ (గుడ్డ మడతలు, కదలికలు కంప్యూటర్‌తో లెక్కగట్టడం) బాగా తెలిసిన వాళ్లు మన విజయవాడలోనో గుంటూరులోనో ఉంటే ఒక మాట చెప్పండి, వచ్చి కలుస్తాను.