మాయాబజారూ బలగమూ, మీ అమ్మమ్మా

బిడ్డా,

బడి భాషల రెండు లైన్లు రాసి కొట్టేసిన. మనం ఇంట్ల మాట్లాడుకునేటట్టే రాస్తున్న.

మొన్న ఫోన్ల "ఈ నడుమ ఏం సినిమాలు చూసినవమ్మా" అని అడిగితివి. నువ్వు ఆఫీసుకు పోయే ఆగంల ఉంటివి, నేను సరిగ్గ చెప్పకపోతి. మీ అమ్మమ్మ పది దినాల నుంచి ఈడనే ఉన్నది. మోకాళ్ళ నొప్పులతోని ఎటూ కదలలేక టీవీ ముంగటనే కూసుంటున్నది. ఆమెతోని రెండు చూసిన.

మొదలు మాయాబజార్. 1957ల వచ్చింది, మూడు గంటల సినిమా. పాతవి సాగదీస్తరని అంటవు కదా, ఇదొక్కటి ఫోన్ పక్కకు పెట్టి చూడు. పాండవుల ఇంటి పెండ్లి కథల పాండవులే కనపడరు, అయినా లోటు తెల్వది. మార్కస్ బార్ట్‌లే తీసిన ఆ వెన్నెల నలుపు తెలుపుల కూడా సల్లగ తాకుతది. అన్నిటికన్న నాకు సావిత్రి. శశిరేఖ లెక్క ఉన్నప్పుడు అడుగుల అడుగేస్తది. ఘటోత్కచుడు శశిరేఖ వేషంల దిగినంక అదే మనిషి భుజాలు ఎగరేసుకుంట మొగోని లెక్క నడుస్తది. "అహ నా పెళ్ళియంట" పాటల సుశీల గొంతు నడుమ ఘంటసాల గొంతు వస్తది చూడు, అప్పుడామె మొఖం చూడాలె. లోపల ఎస్వీ రంగారావే కూసున్నడనిపిస్తది.

మాటలు పింగళి నాగేంద్రరావు రాసిండు. తల్పానికి గిల్పం, కంబళికి గింబళి, అస్మదీయులకు జోడు తసమదీయులు. ఏ నిఘంటువుల లేనియి. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎట్ల పుడతయని ఘటోత్కచుడు మెచ్చుకుంటడు కూడా. తెలుగోళ్ళంత ఆ మాటలను నెత్తిన పెట్టుకున్నరు. మీ బాపు ఇప్పటికీ చలైతే గింబళి తెమ్మంటడు.

ఆ సీన్ చూస్తుంటే నాకు లోపల ఎక్కడనో కలుక్కుమన్నది. అప్పటికప్పుడు పుట్టించిన మాటకు అంత మర్యాద దొరికింది. మా అవ్వ, వాళ్ళ అవ్వ మాట్లాడిన మాట మాత్రం నేను చూసుకుంట పెరిగిన సినిమాలల్ల రౌడీల నోట్లనో, నవ్వించే పనోళ్ళ నోట్లనో తప్ప ఇనపడకపాయె. మాభూమి అసొంటియి వచ్చినయి గని అయి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని.

తెల్లారి బలగం పెట్టిన. 2023ల వచ్చినప్పుడు మీ బాపుతోని టాకీసుల చూసిన, ఇది రెండోసారి. తీసిన వేణు మన సిరిసిల్ల పిలగాడే. తాత సచ్చిపోతే మనుమడు సాయిలు తన అప్పుల లెక్కలు చూసుకుంటడు, మొదట్ల వాని మీద మస్తు కోపమొచ్చింది. పోను పోను అసొంటోడు మన ఇండ్లల్ల కూడా ఉన్నడు కదా అనిపించింది. ఇంటల్లుడు మటన్ కూరల నల్లి బొక్క కాడ అలిగి ఏండ్ల తరబడి అత్తగారింటి గడప తొక్కకపోవుడు బయటోళ్ళకు విచిత్రమనిపించచ్చు. అది బొక్క లొల్లి కాదు, మర్యాద లొల్లి.

పిట్టకు పెట్టిన కాడ కాకి ముట్టకపోతే మీ అమ్మమ్మ మంచం మీద నుంచి లేసి కూసున్నది. "గా ముసలాయనకు ఇష్టమైంది పెట్టలేదు కావచ్చు, ఇంకేమన్న పెట్టుండ్రి" అని టీవీతోని అంటున్నది. మాయాబజార్ చూసినంత సేపు ఆమె ఒక్క మాట మాట్లాడలే, దేవుళ్ళ సినిమా చూసినట్టు చేతులు ముడుచుకొని చూసింది. బలగంల మనుషులకు మాత్రం జవాబిస్తున్నది. ఆడకట్టుల చావైతే అరుగు మీద కూసోని సలహా చెప్పినట్టే. ఆఖరుకు ఊరూరు తిరిగి కథలు పాడే బుడగజంగాల పాట వచ్చేసరికి కొంగు నోట్ల పెట్టుకున్నది. ఆ పాట పాడిన పస్తం మొగిలయ్య 2024 డిసెంబర్ల పోయిండని నేను చెప్పలే.

నీకు ఎన్నడు చెప్పని ముచ్చటొకటి ఉన్నది. ఇంటర్ల చేరిన మొదటి వారం, లెక్క అర్థం కాక లేసి "మల్లొక్కసారి చెప్తరా సార్" అన్న. క్లాసంత నవ్వింది. ఆయన కూడ నవ్వి, "ముందు భాష నేర్చుకో" అన్నడు. ఆ రెండేండ్లు మళ్ళ లేసి ఒక్క ప్రశ్న అడగలే. అప్పటి నుంచి నాకు రెండు నాలుకలు, ఇంట్ల ఒకటి, గడప దాటితే ఒకటి.

అది నాతోనే ఆగిపోతే బాగుండు. నువ్వు రెండో తరగతిల ఉన్నప్పుడు మా టీచర్లు ఇంటికొస్తే, ఉరికొచ్చి "టీచర్ ఎట్లున్నరు" అన్నవు. నేను నిన్ను వంటింట్లకు గుంజకపోయి "ఎలా ఉన్నారు అనాలి" అని గదిమిన. నువ్వు ఏడ్వలే. మళ్ళ ముందు రూంలకొచ్చి, చేతులు కట్టుకొని "ఎలా ఉన్నారు టీచర్" అన్నవు. వాళ్ళు మెచ్చుకున్నరు, నేను మురిసిన. బలగం చూస్తుంటే ఆ చేతులు కట్టుకున్న పిల్లనే కండ్ల ముంగట నిలవడ్డది. తప్పు చేసిన బిడ్డా.

అమ్మమ్మ బలగం మళ్ళ పెట్టమంటున్నది. ఆదివారం నీకు పొద్దు దొరికితే ఆడ నువ్వు, ఈడ మేము ఒక్కపారే పెట్టుకొని చూద్దాం. ఫోన్ ఎత్తంగనే "ఎలా ఉన్నావమ్మా" అనకు. "ఎట్లున్నవమ్మా" అను.

మీ అమ్మ