వార్షిక నివేదిక (2023–24): సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది కవి సమ్మేళనం, వైద్య శిబిరం, పదో తరగతి పిల్లలకు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. చందాలిచ్చిన వ్యాపారులకు, హాలు ఉచితంగా ఇచ్చిన కల్యాణ మండపం వారికి, భోజనాలు చూసుకున్న మహిళా సభ్యులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది నెదర్లాండ్స్ రాయబార కార్యాలయం ఇచ్చిన చిన్న గ్రాంటుతో చేసిన కలంకారీ శిబిరం. నెదర్లాండ్స్ వాళ్ళయిన డచ్చివాళ్ళు బందరు రేవుకు వచ్చింది 1605లో. మన అద్దకం బట్టలు కొని ఇండోనేషియా దీవులకు తీసుకెళ్ళి లవంగాలు, జాజికాయలు తెచ్చుకున్నారు. తర్వాత అవే బట్టలు వాళ్ళ ఊళ్ళలో ఆడవాళ్ళు తొడుక్కునే కోట్లయ్యాయి. బందరులోని వలందపాలెం పేరు వాళ్ళ వల్లే వచ్చింది, వలందలంటే హాలండు వాళ్ళు. గ్రాంటు దరఖాస్తులో ఇదే రాశాం.

డిసెంబరులో 34 మంది పిల్లల్ని పెడన తీసుకెళ్ళాం. కరక్కాయ, గేదెపాల వాసన కొడుతున్న గుడ్డ మీద ఇనుప తుప్పు, బెల్లం ఊరిన కసిం నీళ్ళతో అచ్చు వేయగానే నల్లటి గీత పడింది. పటిక నీళ్ళతో వేసిన పూలు మాత్రం కంటికి ఆనలేదు. వలందపాలెం పాప ఒకతె తన పువ్వు పోయిందని ఏడుపు మొహం పెట్టింది. "తొందరపడకు తల్లీ, ఉడకనీ" అన్నారు అద్దకం పనివారు. ఎర్ర రంగునిచ్చే మంజిష్ఠ వేరు వేసిన రాగి డేగిసాలో గుడ్డ మరుగుతుంటే ఆ పూలన్నీ ఎర్రగా తేలాయి. పిల్లల కేకలు వీధి చివరి దాకా వినిపించాయి. ఆ ఒక్క గంట కోసం ఏడాది తిరుగుడంతా మర్చిపోయాను.

తిరుగుడు గురించి కూడా చెప్పాలి. రాయబార కార్యాలయం డబ్బయినా విదేశీ విరాళమే. మనకు ఎఫ్.సి.ఆర్.ఎ. (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి తీసుకున్నాం. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. పనివారి సొసైటీకి ఆ డబ్బు బదిలీ చేయకూడదు, అందుకే ఒక్కొక్కరికీ కూలి నేరుగా చెల్లించి రసీదులు తీసుకున్నాం. ఇవన్నీ ఓపిగ్గా చూసిన మన ఆడిటరు గారికి చేతులెత్తి నమస్కారం. స్థానికంగా ఒక చిన్న అనుమతి కోసం మాత్రం ఒక ఆఫీసుకు ఏడుసార్లు వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా "సారు క్యాంపులో ఉన్నారు" అన్నారు. చివరికి శిబిరానికి ఇంకా రెండు రోజులే ఉందనగా సంతకం పడింది. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

వాలంటీర్లుగా పేర్లిచ్చింది పన్నెండు మంది, ఆ రోజు వచ్చింది ముగ్గురు. పిల్లల బస్సులో నేనూ కోశాధికారి గారే ఎక్కాల్సి వచ్చింది. రాలేని వాళ్ళు ముందు రోజు ఒక ఫోన్ చేసినా వేరే వాళ్ళను పిలుచుకునేవాళ్ళం. ఫొటోల్లో తాము లేరని తర్వాత కొందరు అడగడం నాకు బాధేసింది.

జమాఖర్చుల పట్టిక ఈ నివేదికతో జత చేశాం. పరిపాలన ఖర్చు చట్టం అనుమతించిన 20 శాతం దాటలేదు. సభ ఆమోదించాలని కోరుతున్నాను.

విదేశీ విరాళం లెక్కలు చూపే ఎఫ్.సి. 4 రిటర్ను డిసెంబరు 31లోపు వేయాలి. బస్సు, టిఫిన్ల బిల్లులు ఇంకా ఇవ్వని ఇద్దరు సభ్యులు ఈ ఆదివారానికల్లా మా ఇంటికి చేర్చండి.

ఇట్లు,
గౌరవ కార్యదర్శి