మానస సరోవరం ఒడ్డున లేని గుడి గురించి ఫిర్యాదు

యాత్రల విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. జూన్‌లో మీ బృందంతో ఖాట్మండూ మీదుగా కైలాస మానస సరోవర యాత్రకు మా అమ్మను తీసుకుని వచ్చాను. తిరిగొచ్చి రెండు వారాలైనా మనసు కుదుటపడక రాస్తున్నాను.

మీరిచ్చిన కరపత్రంలో 'దాక్షాయణీ అమ్మవారి ఆలయ దర్శనం, కుంకుమార్చన, సరోవరంలో పుణ్యస్నానం' అని ఉంది. సతీదేవి కుడి చేయి పడిందని చెప్పే శక్తిపీఠం అది. మా ఇంట్లో రోజూ చదువుకునే అష్టాదశ పీఠాల శ్లోకంలో రాదు, 51 పీఠాల లెక్కలో వస్తుంది. అందుకే అమ్మకు ఆ దర్శనం మీద అంత ఆశ. అమ్మవారికని ధర్మవరం పట్టుచీర కొని, పసుపు గుడ్డలో చుట్టి, దారంతా ఒళ్లోనే పెట్టుకుంది.

అక్కడ గుడి లేదు. ఒడ్డున ఒక బండరాయినే అమ్మవారిగా కొలుస్తారు.

బస్సు దిగగానే అమ్మ "గుడి ఎక్కడరా?" అని అడిగింది. "సరస్సే అమ్మవారు తల్లీ" అన్నాడు మీ గైడ్. ఆ మాట తప్పని నేననను. కానీ అది హైదరాబాద్‌లో డబ్బు కట్టించుకునేటప్పుడే చెప్పాల్సిన మాట. అమ్మ చీర పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది. తర్వాత రాయి మీద కప్పి కుంకుమ వేయబోతే సగం గాలికే పోయింది. దీపం వెలిగించబోతే మూడు అగ్గిపుల్లలు ఆరిపోయాయి. నాలుగోది గీసేలోపు డ్రైవర్ హారన్ కొట్టాడు. ఒడ్డున రెండు రాత్రులు బస అని రాసి నలభై నిమిషాలు ఉంచారు. ఆ సాయంత్రమే కైలాస పరిక్రమ మొదలయ్యే దార్చెన్ ఊరికి తీసుకెళ్లిపోయారు.

స్నానం సంగతీ అంతే. సరస్సులో దిగడానికి అక్కడి అధికారులు ఒప్పుకోరని, బకెట్లతో నీళ్లు తోడుకుని దూరంగా పోసుకోవాలని అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఏటా బృందాలను తీసుకెళ్లే మీకు ఇది తెలియదా?

వీటన్నిటికంటే పెద్ద తప్పు అంతకుముందే, నేపాల్ సరిహద్దు దాటాక వచ్చే టిబెట్ ఊరు కేరుంగ్‌లో జరిగింది. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేందుకు అక్కడ రెండు రాత్రులు ఆపుతామన్నారు. ఒక్క రాత్రికే బయల్దేరదీశారు. దాదాపు 2,800 మీటర్ల నుంచి దాదాపు 4,500 మీటర్ల ఎత్తులోని సాగా పట్టణానికి ఒక్క రోజులో ఎక్కేసరికి అమ్మకు తలనొప్పి, వాంతులు. ఆక్సిజన్ సిలిండర్ అడిగితే వేరే బస్సులో ఉందన్నారు. అది వచ్చేదాకా ఆ గంటన్నర నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తోంది. 64 ఏళ్ల మనిషి విషయంలో ఇంత నిర్లక్ష్యమా?

మీరు ఇవ్వని మూడు రాత్రుల బసకు తీసుకున్న డబ్బు పదిహేను రోజుల్లో తిరిగివ్వండి. లేకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఇక మీద ఆక్సిజన్ లేకుండా ఏ బస్సునూ కదలనివ్వకండి.

కరపత్రంలో 'ఆలయం' అన్న మాట తీసేయండి. గుడి లేదని, రాయి ఉందని, గాలి ఎక్కువని, దీపానికి గాజు చిమ్నీ తెచ్చుకోమని రాయండి. నిజం చెప్పినా అమ్మ వచ్చేది, సిద్ధపడి వచ్చేది. మార్చిన కరపత్రం ఒకటి మాకు పంపండి, అమ్మకు చదివి వినిపించాలి.

ఇట్లు,
మీ జూన్ బృందంలోని యాత్రికుడు