మచ్చాకు బోరు నీళ్లు పోయొద్దు

సంపాదకులకు,

జపాన్‌లో కొత్త ఏడాది తొలి తేనీటి వేడుకను హత్సుగామా అంటారు, జనవరిలో జరుపుతారు. అనంతపురంలో చేసుకోదలచినవారు ముందు నీళ్లు చూసుకోవాలి. మన బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువ, ఆ వేడుకలో చిలికే మచ్చా (మెత్తని గ్రీన్ టీ పొడి) రుచి చచ్చిపోతుంది. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ కూడా పోదు. ఆర్ఓ నీళ్లే మేలు. మనిషికి 2 గ్రాముల పొడి జల్లించాలి, లేదంటే ఉండకడుతుంది. కాగిన నీళ్లు 80 డిగ్రీలకు చల్లారాక 70 మిల్లీలీటర్లు పోయండి; సలసల మరిగేవి పోస్తే చేదెక్కుతుంది. వెదురు కవ్వాన్ని ముందే గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి, ఎండు పుల్లలు పుటుక్కున విరుగుతాయి. గిన్నె అడుగు గీరకుండా, మణికట్టుతోనే చకచకా ముందుకూ వెనక్కూ చిలకండి. దయచేసి పాలు, చక్కెర కలపొద్దు! తీపి పదార్థాన్ని తేనీటికి ముందే తినాలి. సంక్రాంతి నువ్వులుండ బాగా కుదురుతుంది.

– తేనీటి అభిమానులు, అనంతపురం