గావ్ హోంగ్‌బో సంగతి, నీ సంగతి

చిన్నబాబూ,

ఇక్కడ అందరం బాగున్నాం. ఈ ఏడు కాయ ఆలస్యంగా వచ్చింది, ఆవకాయ నిన్ననే కలిపాను. నాన్నగారి షుగర్ అదుపులోనే ఉంది. మేడ మీద ట్యాంకు మార్పించాం. నువ్వు ఫోన్ ఎత్తి నేటికి పంతొమ్మిది రోజులు. 'బిజీ అమ్మా' అని పెట్టిన మెసేజ్ ఎన్నిసార్లు చూసుకున్నానో. వేళకు తింటున్నావో లేదో అందులో లేదు.

మొన్న రాజ్యం పిన్ని వచ్చింది. నిన్ను ఫుట్‌బాల్ అకాడమీలో కోచ్ పని నుంచి తీసేశారట కదా, మావాడు చెప్పాడు అంది. నాకు తెలిసినట్టే తలూపాను. ఆవిడ వెళ్ళాక పోపు మాడిపోయేదాకా పొయ్యి దగ్గరే నిలబడి ఉన్నాను. నిజమో కాదో నేను అడగను. నువ్వే చెప్పాలి.

చిన్నక్క చైనాలో, చాంగ్‌చున్‌లో ఎంబీబీఎస్ చదివిన రోజులు గుర్తున్నాయా? ఆ చలికి కొబ్బరినూనె సీసాలో రాయిలా బిగుసుకుపోయేదని ఏడ్చేది. అప్పుడే అక్కడి ఫుట్‌బాల్ కోచ్ గావ్ హోంగ్‌బో పేరు చెప్పింది. నీ మోకాలి ఆపరేషన్ అయి, నువ్వు ఆట మానేసి కోచింగ్ లైసెన్సుకు కూర్చున్నప్పుడు ఆయన సంగతంతా దానితో చెప్పించుకుని పాల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నాను. ఇవాళ మళ్ళీ తీశాను.

ఆయనా నీలాగే ఫార్వర్డు. బీజింగ్ మనిషి, గువోఆన్ క్లబ్‌కు గోల్స్ కొట్టాడు. ఆట మానేశాక నేరుగా పెద్ద కుర్చీలో కూర్చోబెట్టలేదు ఎవరూ. కింది డివిజన్‌లో ఉన్న షియామెన్ జట్టును 2005లో పైకి తెచ్చాడు. 2007లో చాంగ్‌చున్ యాతాయ్ క్లబ్‌కు చైనాలో అన్నిటికన్నా పై లీగ్ అయిన సూపర్ లీగ్ టైటిల్ తెచ్చాడు. 2009లో చైనా జట్టే చేతికొచ్చింది. 32 ఏళ్ళుగా ఆడుతున్నా దక్షిణ కొరియాను వాళ్ళు ఒక్కసారి కూడా ఓడించలేదు. ఇరవై ఏడు మ్యాచ్‌లు ఆడితే ఒక్క గెలుపు లేదు. కొరియా అంటే భయం ఒక జబ్బని అక్కడివాళ్ళే పేరు పెట్టుకున్నారట. 2010 ఫిబ్రవరిలో టోక్యోలో 3-0తో ఓడించారు. యూ హై తలతో మొదటిది, గావ్ లిన్ రెండోది, డెంగ్ జువోషియాంగ్ మూడోది. జూన్‌లో ఫ్రాన్స్‌ను కూడా 1-0తో ఓడించారు, ఆ గోల్ కూడా డెంగ్‌దే, ఫ్రీకిక్‌తో. ప్రపంచకప్‌కు వెళ్ళబోతున్న ఫ్రాన్స్, నాన్నా!

తర్వాత 2011 ఆసియా కప్‌లో గ్రూపు దాటలేదు. అయినా జూలైలో ప్రపంచకప్ క్వాలిఫయర్స్‌లో లావోస్‌ను 7-2తో, 6-1తో ఓడించారు. మూడు వారాలు కూడా తిరగకుండానే ఆయన్ని తీసేసి స్పెయిన్ నుంచి కమాచోను తెచ్చారు. గెలిచి వచ్చిన మనిషిని! ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి నాకు నువ్వే కళ్ళ ముందు కనిపించావు. మీ అండర్-15 పిల్లలు కప్పు ఎత్తిన ఫోటో పంపి నెల కూడా కాలేదు కదా. కమాచో వచ్చినా ఆ క్వాలిఫయర్స్ దాటలేదు, 2013లో థాయ్‌లాండ్ చేతిలో 1-5తో ఓడాక ఆయన్నీ పంపేశారు.

2016లో మళ్ళీ గావ్‌నే పిలిచారు. వెళ్ళాడు. మార్చిలో ఖతార్‌ను 2-0తో ఓడించి చైనాను ప్రపంచకప్ క్వాలిఫయర్స్ చివరి రౌండ్‌కు చేర్చాడు. అక్టోబరులో సిరియా చేతిలో, ఆపైన తాష్కెంట్‌లో ఉజ్బెకిస్తాన్ చేతిలో ఓడగానే తనే తప్పుకున్నాడు. తీసేయడం ఒకటి, తప్పుకోవడం ఒకటి. నీ విషయంలో ఏది జరిగిందో నాకు తెలియదు. ఏదైనా సరే, తలుపు వేసుకుని కూర్చోకు. లైసెన్సు తరువాతి లెవెల్‌కు ఫీజు కట్టావా? మానేయకు. ఎవరి మీదా వాట్సాప్‌లో ఏమీ పెట్టకు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడు. ఈ ఉత్తరంలో క్లాసు పీకకూడదని మొదలుపెట్టేటప్పుడే అనుకున్నాను, చూడు.

మోకాలికి నూనె రాస్తున్నావా? రాత్రిపూట గోరువెచ్చగా చేసుకుని, గట్టిగా నొక్కకుండా. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకో.

పార్సిల్ పంపుతున్నాను. కందిపొడి, నువ్వుల పొడి, ఆవకాయ. ఆవకాయ జాడీ మూడు రోజులు కదపకు, నూనె పైకి తేలాకే తియ్యి, తడి గరిటె పెట్టకు. బ్యాగు అడుగున కవరులో ఇరవై వేలు పెట్టాను. నాన్నగారికి తెలుసు, ఆయనే పెట్టమన్నారు. అద్దె గురించి కంగారు పడకు. గది ఖాళీ చేయాల్సి వస్తే ఇంటికి వచ్చెయ్యి. నీ మంచం మీది పాత పేపర్లు తీసేశాను.

ఆదివారం చిన్నక్క వస్తోంది. సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ నా చేతిలోనే ఉంటుంది.

అమ్మ