‘వాళ్ళంతేలెండి’

సంపాదకుడు గారికి,

నమస్కారం. మానసిక ఆరోగ్యం మీద మీరు ఈమధ్య వేసిన ప్రత్యేక పేజీలు రెండుసార్లు చదివాను. దిగులుంటే దాచుకోకండి, ఎవరితోనైనా చెప్పుకోండి అని ప్రతి వ్యాసంలోనూ ఉంది. మంచి మాటే. చెప్పుకోవడానికి మాటలే చాలనివాళ్ళ గురించి మాత్రం ఒక్క వాక్యం కనబడలేదు. మా తమ్ముడు అలాంటివాడు. అందుకే రెండోసారి వెతికి మరీ చదివాను.

వాడికి 42 ఏళ్ళు. చిన్నప్పటి నుంచీ మేధోవైకల్యం ఉంది. చొక్కా గుండీలు తనే పెట్టుకుంటాడు, పాటలకు సరిగ్గా తాళం వేస్తాడు, మూడు నాలుగు మాటలకు మించి కలిపి చెప్పలేడు. మూడేళ్ళ క్రితం మా నాన్న ఆసుపత్రిలో పోయారు. వీడికి అర్థం కాదు, చూస్తే భయపడతాడు అనుకుని అంత్యక్రియలకు తీసుకెళ్ళలేదు. ‘నాన్న ఊరెళ్ళారు’ అని చెప్పాం. అలా చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నెల తిరక్కుండానే గోడకు నుదురు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. రాత్రిళ్ళు నిద్ర లేదు. స్నానానికి రమ్మంటే చెయ్యెత్తేవాడు. సాయంత్రం ఆరయ్యేసరికి గేటు గడియ మీద చెయ్యేసి నిలబడేవాడు. అది నాన్న పని నుంచి వచ్చే వేళ. ఆ సంగతి అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. తింటున్నాడా, నిద్రపోతున్నాడా, ఎవరినైనా కొడుతున్నాడా అని ఆయన అన్నీ నన్నే అడిగారు. వాడు నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఈమధ్య ఇంట్లో ఏమైనా జరిగిందా అని మాత్రం అడగలేదు, నేనూ చెప్పలేదు. ‘వయసు పెరిగేకొద్దీ ఇలాంటివాళ్ళు మొండికేస్తారమ్మా, వాళ్ళంతేలెండి’ అని మాత్రలు రాశారు. మాత్రలతో వాడు నెమ్మదించాడు. హమ్మయ్య అనుకున్నాం. నోటివెంట చొంగ కారుతుంటే, మధ్యాహ్నం దాకా మంచం దిగకుండా పడుంటే, దాన్నే నయం కావడం అనుకున్నాం. ఆరింటికి మాత్రం గోడ పట్టుకుని అయినా గేటు దాకా వెళ్ళేవాడు.

దాదాపు ఏడాది తర్వాత ఒక సైకాలజిస్టు బల్ల మీద బొమ్మలు పరిచి, నన్ను కాస్త దూరంగా కూర్చోబెట్టి, వాడిని అడిగారు. మంచం మీద పడుకున్న మనిషి, ఏడుస్తున్న మనుషులు, ఖాళీ కుర్చీ. అడిగి ఊరుకున్నారు. చాలాసేపు మాట్లాడకుండా కాచుకున్నారు. వాడు ఖాళీ కుర్చీ మీద వేలు పెట్టి ‘నాన్న... కోపం... నా మీద’ అన్నాడు.

ఊరెళ్ళిన నాన్న తన మీద కోపంతోనే తిరిగి రావడం లేదని ఏడాదిపాటు అనుకున్నాడన్నమాట.

‘వాళ్ళంతేలెండి’ అనే ఈ మాటకు వైద్యంలో ఒక పేరుంది, డయాగ్నస్టిక్ ఓవర్‌షాడోయింగ్. వైకల్యం నీడ పడి, దాని వెనకున్న జబ్బు కనబడకుండా పోవడం. అమెరికాలో స్టీవెన్ రైస్, ఆయన సహచరులు 1982లో దీన్ని పరీక్షించి చూశారు. తీవ్రమైన భయంతో బాధపడే ఒక మనిషి వివరాలు రాసి సైకాలజిస్టులకు ఇచ్చారు. ఆ మనిషికి మేధోవైకల్యం ఉందని కూడా చెప్పినప్పుడు, అదే భయాన్ని జబ్బుగా గుర్తించడం తగ్గిపోయింది. లక్షణాల్లో తేడా లేదు, తేడా అంతా చూసే కళ్ళలోనే. నలభై ఏళ్ళు దాటినా మాకు దొరికిన చూపు అదే.

ఇంకొక లెక్క చెప్పాలి. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో మేధోవైకల్యం ఉన్న 1,023 మంది పెద్దవాళ్ళను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. నిపుణులు స్వయంగా చూసి చెప్పినదాన్ని బట్టి, ప్రవర్తన సమస్యలు కూడా కలిపితే 40.9 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అందరికీ వాడే మామూలు కొలమానాలతో చూస్తే అదే మనుషుల్లో అది 17 శాతం కూడా తేలలేదు. మరి ఆ కొలమానాల్లో చాలా భాగం రోగి తన నోటితో చెప్పేదాని మీదే ఆధారపడతాయి. ‘నాకు బతుకు మీద ఆశ లేదు’ అని మా తమ్ముడు ఏ భాషలో చెప్పాలి? వాడికి తెలిసిన భాష గోడే.

మాత్రల సంగతి మరీ చేదు. దూకుడుగా ప్రవర్తించే 86 మంది మేధోవైకల్యం ఉన్నవాళ్ళకు కొందరికి రిస్పెరిడోన్, కొందరికి హాలోపెరిడాల్ (రెండూ తీవ్రమైన మానసిక వ్యాధులకు వాడే మందులు), కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసిన పరిశోధన 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మూడు గుంపుల్లోనూ దూకుడు తగ్గింది, అందరికంటే ఎక్కువగా తగ్గింది ఉత్తుత్తి మాత్రవాళ్ళకే. ఇంగ్లండ్‌లో మేధోవైకల్యం ఉన్న 30,000 నుంచి 35,000 మంది పెద్దవాళ్ళు తగిన జబ్బేదీ నమోదు కాకుండానే ఇలాంటి మందులో, కుంగుబాటు మందులో, రెండూనో రోజూ మింగుతున్నారని అక్కడి ప్రజారోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. మరుసటి ఏడాదే ‘స్టాంప్’ పేరుతో ఈ అతివాడకాన్ని ఆపే ఉద్యమం మొదలైంది. మందులే వద్దని నేననడం లేదు. నిజంగా అవసరమైనవాళ్ళకు అవి ప్రాణం నిలుపుతాయి, పైగా ఉన్నపళంగా మానేయడం ప్రమాదం. మావాడివి డాక్టరు పర్యవేక్షణలో నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించారు. నేను అడిగేదల్లా, ఏ జబ్బుకు రాస్తున్నారో చీటీ మీద రాయమని, ఆర్నెల్లకోసారైనా ఇంకా అవసరమా అని చూడమని.

మాత్రల కంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. పన్ను నొప్పా, చెవి పోటా, మలబద్ధకమా? పుట్టుకతోనే ఉండి మేధోవైకల్యం తెచ్చే డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో థైరాయిడ్ లోపం ఎక్కువ, అది అచ్చం దిగులులాగే కనబడుతుంది. ఇంట్లో ఎవరైనా పోయారా, ఇల్లు మారారా, చూసుకునే మనిషి మారిందా, ఎవరైనా ఏడిపిస్తున్నారా? ఇందులో ఏదీ ఖరీదైన పరీక్ష కాదు. కావలసింది కాస్త సమయం, అంతే. డాక్టరు మామూలుగా ఇచ్చే కొద్ది నిమిషాల్లో అది కుదరదు కాబట్టి ఇలాంటి రోగులకు రెట్టింపు సమయం కేటాయించాలని ఆసుపత్రులకు నియమం పెట్టాలి. వికలాంగుల హక్కుల మీద 2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన ఒప్పందం 25వ అధికరణం ఇతరులకు అందే నాణ్యతతోనే వీళ్ళకూ వైద్యం అందాలంటోంది. సంతకాలు చేసిన దేశాలకు కొదవలేదు.

మీ పత్రిక మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది, ఏమనుకోకండి. మేధోవైకల్యం ఉన్నవాళ్ళ గురించి రాసేటప్పుడు ‘మతిస్థిమితం లేని యువకుడు’ అంటారు. మానసిక వ్యాధి ఉన్నవాళ్ళనూ అదే మాట అంటారు. రెండూ ఒకటి కావు. మేధోవైకల్యం జబ్బు కాదు, ఎదిగే వయసులోనే మొదలై జీవితాంతం ఉండే స్థితి. కుంగుబాటు జబ్బు, చాలామందికి చికిత్సతో తగ్గుతుంది. రెంటికీ ఒకే మాట వాడితే, మొదటిది ఉన్నవాళ్ళకు రెండోది కూడా రావచ్చన్న ఆలోచనే పాఠకుడికి రాదు. డాక్టర్లూ మీ పాఠకులే కదా.

నాన్న చనిపోయారని, ఇక రారని, నీ మీద కోపం ఎప్పుడూ లేదని మావాడికి చివరికి ఆ బొమ్మలతోనే చెప్పాం. రెండు రోజులు ఏడ్చాడు. ఇప్పుడు పూర్తిగా బాగున్నాడని చెప్పలేను. నుదుటి మీద ఒక్కోసారి కొత్త మచ్చ కనబడుతూనే ఉంటుంది. గేటు దగ్గరికి వెళ్ళడం తగ్గింది.

ఈ లేఖ పంపేముందు వాడికి చిన్న చిన్న మాటల్లో చెప్పి, పంపనా అని అడిగాను. సరేనన్నాడు. ఒక్క సంగతి మాత్రం రాయొద్దన్నాడు. రాయలేదు.

మా ఇద్దరి పేర్లూ వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు